ఇంట్లో ప్లాస్టిక్ చెత్త: తరచుగా అడిగే ప్రశ్నలు

కాలనీ మీటింగుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, పొద్దున్నే చెత్త బండి దగ్గర నిలబడి మాట్లాడుకునేటప్పుడు మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలివి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మన ఇళ్లు, మన వీధులు, మన స్క్రాప్ షాపులు ఎలా ఉన్నాయో దాన్ని బట్టే సమాధానాలు రాశాం. ఒకేసారి అన్నీ చదవనక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. మొదటి ప్రశ్న మాత్రం వదలకండి.

ఏ ప్లాస్టిక్ రీసైకిల్ అవుతుంది, ఏది కాదు?

ల్యాబులో అయితే చాలా రకాల ప్లాస్టిక్‌ని రీసైకిల్ చేయొచ్చు. మన ఊళ్లో అవుతుందా లేదా అన్నది తేల్చేది మాత్రం స్క్రాప్ షాపు. డబ్బులిచ్చి కొనేవాళ్లున్న ప్లాస్టిక్ రీసైక్లింగ్‌కి వెళ్తుంది. కొనేవాళ్లు లేనిది డంపింగ్ యార్డుకో, మురిక్కాలవలోకో, మంటల్లోకో పోతుంది.

కొనేవి: నీళ్ల బాటిళ్లు, కూల్ డ్రింక్ బాటిళ్లు, పాల ప్యాకెట్లు, నూనె డబ్బాలు, షాంపూ సీసాలు, ఫినాయిల్ డబ్బాలు, విరిగిన బకెట్లు, మగ్గులు, కుర్చీలు, పైపు ముక్కలు. ఎవరూ కొననివి: చిప్స్, బిస్కెట్ ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు, గుట్కా ప్యాకెట్లు, కూర అంటిన కవర్లు, థర్మకోల్ ప్లేట్లు, స్ట్రాలు, టూత్‌పేస్ట్ ట్యూబులు.

మొదటి రకాన్ని పొడిగా దాచి అమ్మండి, లేదా అడిగినవాళ్లకి ఊరికే ఇవ్వండి. రెండో రకాన్ని వీలైనంత వరకు ఇంటికే తేకండి. తెచ్చాక దాన్ని ఏం చేయాలన్న ప్రశ్నకి సరైన జవాబు ఇప్పటికీ ఎవరి దగ్గరా లేదు.

డబ్బా అడుగున త్రిభుజంలో అంకె ఉంటే అది రీసైకిల్ అయినట్టేనా?

కాదు. ఆ అంకె అది ఏ జాతి ప్లాస్టిక్కో చెబుతుంది, అంతే. 1 అంటే పెట్, నీళ్ల బాటిళ్లు చేసేది. 2 హెచ్‌డీపీఈ, షాంపూ సీసాల్లాంటివి. 3 పీవీసీ. 4 ఎల్‌డీపీఈ, మెత్తటి కవర్ల రకం. 5 పీపీ, పార్సిల్ డబ్బాలు, ప్లాస్టిక్ కుర్చీలు. 6 పాలీస్టైరీన్, థర్మకోల్ దీంతోనే చేస్తారు. 7 అంటే పై ఆరింటిలోనూ ఇమడని మిగతావన్నీ. 1, 2, 5 ఉన్నవాటికి సాధారణంగా గిరాకీ ఉంటుంది. 6, 7 కనిపిస్తే తీసుకునేవాళ్లు దొరకడం కష్టం.

చిప్స్ ప్యాకెట్ కూడా ప్లాస్టిక్కే కదా, దాన్ని ఎందుకు కొనరు?

అందులో ఒక్క ప్లాస్టిక్ మాత్రమే ఉండదు. రెండు మూడు రకాల పల్చటి పొరలు, మధ్యలో వెండిలా మెరిసే అల్యూమినియం పూత, జిగురు, పైన రంగుల సిరా, అన్నీ కలిసి అతుక్కుని ఉంటాయి. గాలి, తేమ లోపలికి పోకుండా ఉండాలని అలా చేస్తారు. చిప్స్ నెలల తరబడి కరకరలాడేది దానివల్లే. ఆ పొరల్ని మళ్లీ విడదీయడం ఖర్చుతో కూడిన పని. కలిపి కరిగిస్తే వచ్చే ముద్ద దేనికీ సరిగ్గా పనికిరాదు.

పైగా దానికి బరువుండదు. ఏరేవాళ్లకి డబ్బొచ్చేది కిలోల లెక్కన. రోడ్డు మీద పడి ఉన్న నీళ్ల బాటిల్‌ని ఎవరో ఒకరు సాయంత్రంలోపు ఏరుకుని వెళ్తారు. దాని పక్కనే పడి ఉన్న షాంపూ సాచెట్‌ని ఎవరూ ముట్టుకోరు. సాచెట్లతో కిలో తూగాలంటే వేల కొద్దీ ఏరాలి, అంతా ఏరినా కొనేవాడు ఉండడు.

రూపాయి, రెండు రూపాయల సాచెట్ రోజు కూలీ మీద బతికే ఇంటికి అవసరమైన వస్తువే. అలాంటి ఇంటికి "పెద్ద సీసా కొనుక్కో" అని చెప్పడం న్యాయం కాదు. ఆ ప్యాకింగ్ మార్చాల్సిన బాధ్యత కంపెనీది. నెల సరుకులు ఒక్కసారే తెచ్చుకోగలిగిన మనబోటివాళ్లు మాత్రం సాచెట్లు కొనడానికి కారణమేమీ కనిపించదు.

స్క్రాప్ షాపుకి వెళ్లాక ఏం జరుగుతుంది?

ముందు మనుషులు కూర్చుని రకాల వారీగా వేరు చేస్తారు. ఏళ్ల తరబడి ఈ పని చేసినవాళ్లు చూపుతోనే చెప్పేస్తారు. అనుమానం వస్తే వంచి చూస్తారు, నేలకేసి కొట్టి చప్పుడు వింటారు, కొందరైతే అంచు కాల్చి వాసన చూస్తారు. ఆ పొగ పీల్చడం వాళ్ల ఊపిరితిత్తులకి ఎంత చేటో వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత సరుకు పెద్ద వ్యాపారుల చేతులు మారి హైదరాబాద్ కాటేదాన్ లాంటి పారిశ్రామిక వాడలకి చేరుతుంది. అక్కడ మిషన్లో వేసి ముక్కలు చేస్తారు, నీళ్ల తొట్లలో కడుగుతారు. ఈ తొట్టి దగ్గరే ఒక తేలికైన ఉపాయం ఉంది: బాటిల్ చేసిన పెట్ ప్లాస్టిక్ నీళ్లలో మునుగుతుంది, దాని మూత చేసిన ప్లాస్టిక్ తేలుతుంది. అలా రెండూ వాటంతటవే విడిపోతాయి. ఎండబెట్టిన ముక్కల్ని కరిగించి, సన్నటి తీగల్లా లాగి, గుళికలుగా కత్తిరిస్తారు. వ్యాపారంలో వీటిని దానా అంటారు. ఈ దానా నుంచే మళ్లీ బకెట్లు, మగ్గులు, పైపులు వస్తాయి. నీళ్ల బాటిళ్లలో ఎక్కువ భాగం పాలిస్టర్ దారంగా మారి దిండ్లలోకి, బట్టల్లోకి వెళ్తుంది.

కరిగించిన ప్రతిసారీ ప్లాస్టిక్ కొంత బలం కోల్పోతుంది. అందుకే మంచి తెల్ల డబ్బా కాస్తా రెండో జన్మలో రంగు మగ్గు అవుతుంది, ఆ తర్వాత నల్ల పైపు అవుతుంది, చివరికి ఎవరూ కొనని స్థితికి వస్తుంది. రీసైక్లింగ్ చెత్తని ఆలస్యం చేస్తుంది, మాయం చేయదు. అయినా ఆ ఆలస్యానికి విలువ ఉంది, ఎందుకంటే ఆ మేరకు కొత్త ప్లాస్టిక్ తయారు చేయాల్సిన అవసరం తగ్గుతుంది.

ప్రపంచం మొత్తం మీద ఎంత రీసైకిల్ అవుతోంది?

2017లో అమెరికా శాస్త్రవేత్తలు వేసిన లెక్క ప్రకారం 2015 వరకు ప్రపంచంలో తయారైన ప్లాస్టిక్ దాదాపు 830 కోట్ల టన్నులు. చెత్తగా మారిన దాంట్లో రీసైకిల్ అయింది 9 శాతం. 12 శాతం తగలబెట్టారు. మిగిలిన 79 శాతం చెత్త గుట్టల్లోనో, నేల మీదో, నీళ్లలోనో ఉంది. "రీసైక్లింగ్ ఉంది కదా" అని ధీమాగా వాడుకుంటూ పోవడం ఎందుకు కుదరదో ఈ 9 అంకెని చూస్తే తెలుస్తుంది.

ప్లాస్టిక్‌ని కడిగి ఇవ్వాలా? నీళ్లు వృథా కాదా?

తళతళలాడేలా తోమక్కర్లేదు. గిన్నెలు కడిగిన నీళ్లలోనే ఒకసారి జాడించి, బోర్లించి ఆరబెడితే చాలు. కడగకపోతే ఏమవుతుందంటే, సాంబారు అంటిన ఒక్క డబ్బా సంచిలోని పేపర్లు, అట్టపెట్టెలు అన్నిటినీ పాడు చేస్తుంది. రెండు రోజులకి పురుగులు, వాసన. ఇంట్లోవాళ్లు విసిగిపోయి మొత్తం ఎత్తి చెత్తబుట్టలో పారేస్తారు. పొడి చెత్త దాచడం మొదలుపెట్టిన ఇళ్లు మళ్లీ మానేయడానికి ముఖ్య కారణం ఈ వాసనే.

పాల ప్యాకెట్ విషయంలో చిన్న అలవాటు మార్చుకోండి. మూల పూర్తిగా కత్తిరించి ఆ ముక్కని సింకులో పడేస్తుంటాం. అంత చిన్న ముక్క ఎవరి చేతికీ చిక్కదు, నేరుగా కాలవలోకి పోతుంది. మూలని పూర్తిగా తెంపకుండా ప్యాకెట్‌కే వేలాడేలా సగం దాకా కత్తిరించండి. ఖాళీ ప్యాకెట్‌ని జాడించి కిటికీ ఊచకి తగిలిస్తే గంటలో ఆరిపోతుంది.

మేం తడి, పొడి వేరు చేసి ఇస్తున్నా బండిలో అన్నీ కలిపేస్తున్నారు. మరి మేం చేసి ఏం లాభం?

అందరికంటే ఎక్కువగా అడిగేది ఇదే. ఈ కోపంలో న్యాయం ఉంది. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు ఇంట్లో వేరు చేయడం ప్రజల బాధ్యత అన్నాయి. వేరుగా తీసుకెళ్లడం మున్సిపాలిటీ బాధ్యత అని కూడా అన్నాయి. రెండో సగం చాలా చోట్ల అమలు కావట్లేదు.

అలాగని మానేయకండి. రెండు పనులు చేయొచ్చు. ఒకటి, పొడి చెత్తని రోజూ బండికి ఇవ్వకండి. పొడిది కుళ్లదు, వాసన రాదు. బాల్కనీలో ఒక పెద్ద బియ్యం సంచి పెట్టుకుని అందులో వేస్తూ ఉండండి. నిండాక పాత సామాన్లు కొనే అతనికి నేరుగా ఇవ్వండి. హైదరాబాద్‌లో కొన్ని వార్డుల్లో పొడి చెత్త సేకరణ కేంద్రాలు కూడా ఉన్నాయి. బండికి తడి చెత్త మాత్రమే వెళ్తే కలపడానికి అక్కడ ఇంకేమీ ఉండదు.

రెండోది, బండితో వచ్చే మనిషితో మాట్లాడండి. చాలామంది పారిశుద్ధ్య కార్మికులు బండికి పక్కన వేరే గోతాలు కట్టుకుని బాటిళ్లు, అట్టలు తీసి పెట్టుకుంటారు. వాటిని అమ్మగా వచ్చే డబ్బు వాళ్ల సంపాదనలో భాగం. మనం శుభ్రంగా వేరు చేసి ఇస్తే మనం వదిలేసిన కుళ్లులో చేయి పెట్టి వెతుక్కునే బాధ వాళ్లకి తప్పుతుంది. పగిలిన గాజుని, బ్లేడుని పేపర్లో చుట్టి ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి ఇవ్వండి. చేతులు తెగకుండా రోజు గడిచే కార్మికులు తక్కువ.

కాల్చేస్తే పోతుంది కదా?

పోదు. కంటికి కనిపించే చోటు నుంచి ముక్కులోకి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పీవీసీ కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి, డయాక్సిన్లు వస్తాయి. డయాక్సిన్లు చాలా తక్కువ మోతాదులోనే ప్రమాదకరం, పైగా శరీరంలోని కొవ్వులో ఏళ్ల తరబడి నిలిచిపోతాయి. థర్మకోల్ కాలితే స్టైరీన్ అనే హానికరమైన ఆవిరి, దాంతో పాటు నల్లటి మసి. నీళ్లు కాచే పొయ్యి కింద కవర్లు వేసి అంటించే అలవాటు మన పల్లెల్లో, బస్తీల్లో ఇంకా ఉంది. ఆ పొగ ముందుగా పీల్చేది పొయ్యి ముందు కూర్చున్న అమ్మ, పక్కనే ఆడుకుంటున్న పిల్లలు.

2024లో బ్రిటన్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రచురించిన అంచనా ప్రకారం మన దేశంలో ఏటా 93 లక్షల టన్నుల ప్లాస్టిక్ ఎవరి అదుపులోనూ లేకుండా పర్యావరణంలో కలుస్తోంది. ప్రపంచం మొత్తంలో ఇది దాదాపు అయిదో వంతు. అందులో సగానికి పైగా బహిరంగంగా కాలిపోతున్నదే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020-21కి ఇచ్చిన లెక్కలో దేశంలో పుట్టే మొత్తం ప్లాస్టిక్ చెత్తే దాదాపు 41 లక్షల టన్నులు. లెక్కలు కట్టే పద్ధతులు వేరు కావచ్చు. కానీ చెత్త బండి వెళ్లని ఊళ్లలో రోజూ కాలిపోతున్నది లెక్కల్లోకి రావట్లేదన్నది మాత్రం ఎవరైనా సాయంత్రం పూట ఊరి బయటికి నడిస్తే కనిపించే విషయమే.

చట్టప్రకారం కూడా తప్పే. 2016 డిసెంబర్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున తగలబెడితే 25,000 రూపాయలు జరిమానా అని ఆదేశించింది.

చెత్త నుంచి కరెంటు తీస్తున్నారు కదా, ఇక వేరు చేయడం ఎందుకు?

హైదరాబాద్ జవహర్‌నగర్‌లో, విశాఖ కాపులుప్పాడలో, గుంటూరు దగ్గర అలాంటి ప్లాంట్లు ఉన్నాయి. వాటిలోకి తడి చెత్త కలిసిన సరుకు వెళ్తే చాలా వేడి ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. ఇక ప్లాస్టిక్ పెట్రోలియం నుంచి వచ్చిన పదార్థం, దాన్ని కాల్చి కరెంటు తీయడమంటే కొంచెం చుట్టుదారిలో పెట్రోలియం కాల్చడమే. మళ్లీ వాడుకోగల బాటిల్‌ని అక్కడికి పంపడం శుద్ధ దండగ. ఎవరూ కొనని ప్యాకెట్లకి మాత్రం, డంపింగ్ యార్డులో గుట్టగా పడి ఉండటం కంటే, పొగని సరిగ్గా శుద్ధి చేసే ప్లాంటులోనో సిమెంటు బట్టీలోనో కాలడం మేలు. సిమెంటు బట్టీల్లో 1,400 డిగ్రీలకి పైగా వేడి ఉంటుంది, బొగ్గు వాడకం కూడా ఆ మేరకు తగ్గుతుంది.

ఏవేవి నిషేధించారు?

దేశమంతటా 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే కొన్ని వస్తువుల తయారీ, అమ్మకం, వాడకం నిషేధం. ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, స్పూన్లు, ఫోర్కులు, స్ట్రాలు, ట్రేలు, ప్లాస్టిక్ పుల్లలున్న ఇయర్ బడ్స్, బెలూన్లకీ క్యాండీలకీ ఐస్‌క్రీములకీ వాడే ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ జెండాలు, అలంకరణకి వాడే థర్మకోల్, స్వీటు బాక్సులకీ శుభలేఖలకీ సిగరెట్ పెట్టెలకీ చుట్టే పల్చటి కాగితం లాంటి ప్లాస్టిక్, 100 మైక్రాన్లలోపు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పీవీసీ బ్యానర్లు అందులో ఉన్నాయి. క్యారీ బ్యాగులు 2022 డిసెంబర్ 31 నుంచి కనీసం 120 మైక్రాన్ల మందం ఉండాలి.

మందం ఎందుకంటే, పల్చటి కవర్ ఒక్కసారికే చిరిగిపోతుంది, గాలికి ఎగురుతుంది, ఏరినా డబ్బు రాదు. మందంగా ఉంటే నాలుగుసార్లు వాడతాం, స్క్రాప్ షాపులో ధర కూడా వస్తుంది.

కూరగాయల బండి దగ్గర మాత్రం ఆ పల్చటి కవర్లే ఇప్పటికీ రెపరెపలాడుతున్నాయి. తనిఖీ జరిగినప్పుడు జరిమానా పడేది బండి మీద టమాటాలు అమ్ముకునే ఆమెకి. ఆ కవర్లు తయారు చేసే యూనిట్ ఎక్కడుందో పట్టుకుని మూయిస్తేనే ఈ నిషేధానికి అర్థం ఉంటుంది. ఆమెని అడిగితే, "సంచి తెచ్చుకోని వాళ్లకి కవర్ ఇవ్వకపోతే పక్క బండికి పోతారు" అంటుంది. నిజమే కదా. మనం సంచి తీసుకెళ్తే ఆమెకి కవర్ల ఖర్చు కూడా మిగులుతుంది.

కర్రీ పాయింట్ నుంచి కూరలు తెచ్చుకోకుండా ఎలా కుదురుతుంది?

మానేయమని ఎవరూ అనట్లేదు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లకి, బ్యాచిలర్లకి, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి కర్రీ పాయింట్ పెద్ద ఆసరా. సమస్య ఆ కవర్లతోనే. పొగలు కక్కే సాంబారుని పల్చటి కవర్లో పోసి, గాలి ఊది, దారంతో ముడి వేస్తారు. వేడి, నూనె, పులుపు మూడూ ప్లాస్టిక్‌లో ఉన్న రసాయనాలని బయటికి లాగేవే. తిన్నాక మిగిలే జిడ్డు కవర్‌ని ఏ షాపువాడూ కొనడు, ఎవరూ కడగరు. పప్పు, పులుసు, కూర, పెరుగు అని రోజుకి నాలుగు కవర్లు వేసుకున్నా ఒక్క ఇంటికి నెలకి 120 అవుతాయి.

స్టీలు క్యారేజీ తీసుకెళ్లండి. కొలత గరిటెతోనే కాబట్టి వాళ్లకి ఇబ్బంది ఉండదు. గిన్నె తెచ్చినవాళ్లకి ఒక గరిట ఎక్కువ వేసే చోట్లు కూడా ఉన్నాయి. ఆఫీసు నుంచి వస్తూ తెచ్చుకునేవాళ్లు రెండు చిన్న స్టీలు డబ్బాలు బ్యాగులోనో బండి డిక్కీలోనో పెట్టుకుంటే సరిపోతుంది. నల్ల కవర్లలో మాత్రం తినే పదార్థం ఏదీ తీసుకోకండి. రకరకాల పాత ప్లాస్టిక్ కలిపి కరిగించి, ఆ రంగులు కనపడకుండా నలుపు కలుపుతారు. అందులో అంతకుముందు ఏముండేదో ఎవరికీ తెలీదు.

పేపర్ కప్పు అయితే పర్లేదు కదా?

ఉత్త కాగితంలో టీ పోస్తే నిమిషంలో నానిపోతుంది. కాబట్టి లోపల పల్చటి ప్లాస్టిక్ పొర వేస్తారు. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో చెప్పిన ప్రకారం, వేడి ద్రవం అలాంటి కప్పులో 15 నిమిషాలుంటే 100 మిల్లీలీటర్లలోకి దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు వస్తాయి. కప్పు కూడా కాగితంగానూ పనికిరాదు, ప్లాస్టిక్‌గానూ పనికిరాదు. టీ బండి దగ్గర గాజు గ్లాసు అడగండి. ఇరానీ హోటళ్లలో కప్పూ సాసరూ ఎప్పుడూ ఉన్నవే.

బట్టల షాపుల్లో ఇచ్చే రంగుల సంచులు గుడ్డవే కదా?

చాలావరకు కావు. చూడ్డానికి గుడ్డలా ఉండే ఆ నాన్-వోవెన్ సంచి పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. ఎండలో కొన్ని నెలలుంటే పొడి పొడిగా రాలిపోతుంది. ఆ పొడిని ఏరడం ఎవరి తరమూ కాదు. పాత చీరతో, పాత ప్యాంటుతో కుట్టించుకున్న సంచి ఏళ్లు వస్తుంది. పెట్టుబడి కుట్టుకూలీ మాత్రమే.

"బయోడీగ్రేడబుల్" అని రాసిన కవర్ మట్టిలో కలిసిపోతుందా?

రెండు రకాలున్నాయి. మొక్కజొన్న పిండి లాంటి వాటితో చేసే కంపోస్టబుల్ కవర్లకి ఐఎస్ 17088 ప్రమాణం, కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. ఇవి కూడా పరీక్షలో విడిపోయేది 58 డిగ్రీల దగ్గర నిలకడగా వేడి ఉండే పెద్ద కంపోస్టు కేంద్రాల్లాంటి పరిస్థితుల్లో. మన పెరటి మట్టిలో చాలా నెమ్మదిగా, కాలవలో ఇంకా నెమ్మదిగా జరుగుతుంది. తిరుమలలో లడ్డూలకి 2021లో ఇలాంటి కవర్లు తెచ్చారు. వాటి వెనక హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ల్యాబు పరిశోధన ఉంది. రెండో రకం, మామూలు ప్లాస్టిక్‌లో ఏదో రసాయనం కలిపి "తొందరగా విరిగిపోతుంది" అని అమ్మేది. అది విరుగుతుంది, ప్లాస్టిక్ ముక్కలుగానే మిగులుతుంది. ఏ రకమైనా బాటిళ్లతో, పాల ప్యాకెట్లతో కలపకండి. కంపోస్టబుల్ కవర్లు రీసైక్లింగ్ సరుకులో కలిస్తే దానా నాసిరకం అవుతుంది.

పెళ్లికి వెయ్యిమంది వస్తారు. ప్లాస్టిక్ లేకుండా వడ్డించగలమా?

మన అమ్మమ్మల పెళ్లిళ్లలో వడ్డించారుగా! అరిటాకులు, మోదుగాకు విస్తళ్లు, అడ్డాకులు ఇప్పుడూ దొరుకుతాయి. ఏజెన్సీ ప్రాంతాల్లో అడ్డాకులు కోసి, ఎండబెట్టి కుట్టడం గిరిజన మహిళలకి ఆదాయం. కాకపోతే కొనేటప్పుడు తిప్పి చూడండి, పైన ఆకు, కింద ప్లాస్టిక్ పూత అట్ట ఉన్నవి కూడా అదే పేరుతో అమ్ముతున్నారు.

పెళ్లి చెత్తలో సింహభాగం చిన్న నీళ్ల బాటిళ్లది. రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేస్తారు, తర్వాత అది ఎవరిదో గుర్తుండదు, ఇంకోటి తీస్తారు. స్టీలు గ్లాసులు, జగ్గులతో నీళ్లు పోసే నలుగురు మనుషులు ఉంటే ఆ సమస్యే రాదు. సిద్దిపేటలో స్టీల్ బ్యాంకు పేరుతో ఫంక్షన్లకి స్టీలు పాత్రలు ఇచ్చే ఏర్పాటు చేశారు. మీ ఊళ్లో మహిళా సంఘమో, గుడి కమిటీయో ఇలాంటిది పెడితే సంఘానికి అద్దె కూడా వస్తుంది. ఒకసారి అయ్యే పెట్టుబడి, పెళ్లిళ్ల సీజను రెండు గడిస్తే చాలావరకు తిరిగొస్తుంది.

ఆవులు కవర్లు తింటాయంటారు, నిజమేనా?

నిజం. మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు కవర్లో మూట కట్టి రోడ్డు పక్కన పడేస్తాం. ఆవుకి ముడి విప్పడం రాదు. వాసనకి వచ్చి మూటని మూటగా మింగేస్తుంది. పశువు మొదటి పొట్టలో ఆ కవర్లు అరగవు, బయటికీ రావు. ఒకదానికొకటి చుట్టుకుని గట్టి ముద్దలవుతాయి. కడుపు నిండినట్టే ఉంటుంది కాబట్టి మేత తినదు, డొక్కలు ఉబ్బి, లోపల చిక్కిపోయి చనిపోతుంది. ఆపరేషన్లు చేసి పదుల కిలోల ప్లాస్టిక్ బయటికి తీసిన సందర్భాలున్నాయి.

పుట్టపర్తిలో జంతువుల కోసం పనిచేసే కరుణ సొసైటీ ఈ విషయం మీదే 2012లో సుప్రీంకోర్టుకి వెళ్లింది. గోవుని పూజించే ఇళ్ల నుంచే ఈ మూటలు వస్తున్నాయన్నది చాలా బాధ కలిగించే సంగతి. తడి చెత్తని కవర్లో కట్టకండి, విడిగా బకెట్లో పెట్టి బండిలో గుమ్మరించండి. ఇది ఈ పేజీలో అన్నిటికంటే సులువైన పని, వెంటనే ఒక ప్రాణాన్ని కాపాడే పని.

పల్లెల్లో ఇంత చెత్త ఎక్కడుంటుంది?

ఉంది, రూపం వేరు. ఒకప్పుడు ఇంటి చెత్తంతా పెంటకుప్పలో వేసేవాళ్లు. పేడ, బూడిద, ఆకులు, ఎంగిలి విస్తళ్లు అన్నీ కుళ్లి, వేసవిలో బండ్ల మీద పొలానికి ఎరువుగా వెళ్లేవి. అందులో మట్టిలో కలవనిది దాదాపు ఏదీ ఉండేది కాదు. ఇప్పుడూ అదే కుప్ప, అదే అలవాటు. కానీ అందులో సాచెట్లు, గుట్కా ప్యాకెట్లు, కవర్లు కలిశాయి. ట్రాక్టరు పెంట తోలితే దుక్కిలో కవర్లు పైకి తేలుతున్నాయి. కవర్ అడ్డం పడ్డ చోట నీరు ఇంకదు, వేరు దిగదు.

దీనికి తోడు మల్చింగ్ షీట్లు. మదనపల్లె టమాటా, అనంతపురం కర్బూజా, మిరప పొలాల్లో కలుపు రాకుండా, తేమ ఆరకుండా నల్ల షీటు పరుస్తున్నారు. నీటి కరువున్న సీమలో దాని మేలు పెద్దది, రైతుని తప్పుపట్టేది ఏమీ లేదు. పంట అయిపోయాకే చిక్కు. 25, 30 మైక్రాన్ల షీటు ఎండకి పెళుసెక్కి, పీకబోతే ముక్కలవుతుంది. మట్టి అంటిన ఆ ముక్కల్ని స్క్రాప్ వాళ్లు తీసుకోరు. డ్రిప్పు పైపులకి ధర ఉంది కాబట్టి అవి వెళ్లిపోతాయి, షీటు గట్టు మీద కాలుతుంది. కాస్త మందం షీటు వేస్తే ఖర్చు ఎక్కువే గానీ చిరగకుండా చుట్టి తీయొచ్చు. షీటుకి సబ్సిడీ ఇచ్చేటప్పుడే దాన్ని వెనక్కి తీసుకునే ఏర్పాటు కూడా ప్రభుత్వం చేయాలి.

పంచాయతీల విషయానికొస్తే, తెలంగాణలో పల్లె ప్రగతి కింద ఊరూరికీ ట్రాక్టరు, డంపింగ్ యార్డు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో చెత్త నుంచి సంపద తయారు చేసే షెడ్లు కట్టారు. షెడ్డు ఉన్నా తాళం పడి ఉంటే గ్రామసభలో అడగండి. ఆ హక్కు మీకుంది.

శానిటరీ ప్యాడ్లు, డైపర్లు?

వాటిలో ఎక్కువ భాగం ప్లాస్టిక్కే, రీసైకిల్ కావు. పేపర్లో చుట్టి, ఎర్ర గుర్తు పెట్టి, విడిగా ఇవ్వండి. టాయిలెట్‌లో వేయొద్దు. అలవాటు చేసుకోగలిగినవాళ్లకి గుడ్డ ప్యాడ్లు, మెన్‌స్ట్రువల్ కప్పు మంచి దారి.

పాత నీళ్ల బాటిల్ మళ్లీ మళ్లీ వాడొచ్చా? పచ్చడి పెట్టొచ్చా?

చల్లటి నీళ్లకి కొన్నిసార్లు వాడితే టెన్షన్ పడక్కర్లేదు, శుభ్రంగా ఉంటే చాలు. ఎండలో కారులో ఉంచిన బాటిల్, గీతలు పడి మసకబారిన బాటిల్ మార్చేయండి. ఆవకాయకి, వేడి నెయ్యికి, నూనెకి మాత్రం జాడీయో, గాజు సీసాయో.

ప్లాస్టిక్‌తో రోడ్లు వేస్తారట కదా?

మదురై ప్రొఫెసర్ రాజగోపాలన్ వాసుదేవన్ కనిపెట్టిన పద్ధతి అది. ఆయనకి 2018లో పద్మశ్రీ వచ్చింది. తురిమిన ప్లాస్టిక్‌ని వేడి కంకర మీద వేస్తే కరిగి రాయికి పూతలా అంటుకుంటుంది, ఆపైన తారు కలుపుతారు. కొనేవాళ్లు లేని కవర్లకి ఇదొక మంచి ఉపయోగం. కానీ అక్కడికి కూడా పొడిగా, శుభ్రంగా ఉన్న కవర్లే కావాలి.

కంపెనీలు తయారు చేస్తుంటే మనల్ని అంటారేం?

మీరన్నది న్యాయమే. అందుకే ఉత్పత్తిదారుల బాధ్యతకి 2022 ఫిబ్రవరిలో వివరమైన మార్గదర్శకాలు వచ్చాయి. మార్కెట్లోకి వదిలిన ప్లాస్టిక్‌కి సమానంగా సేకరించి రీసైకిల్ చేయించాలి. గట్టి ప్లాస్టిక్ ప్యాకింగులో 2025-26 నుంచి కనీసం 30 శాతం రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ ఉండాలని, 2028-29కి అది 60 శాతం కావాలని లక్ష్యం పెట్టారు. ఈ పని చేశామని చూపే సర్టిఫికెట్లలో లక్షల సంఖ్యలో నకిలీవి 2023లో కాలుష్య నియంత్రణ మండలి తనిఖీల్లోనే బయటపడ్డాయి. కాబట్టి నిఘా పెరగాలి, జరిమానాలు నిజంగా వసూలు కావాలి. అంతర్జాతీయంగా ప్లాస్టిక్ ఒప్పందం కోసం 2025 ఆగస్టులో జెనీవాలో జరిగిన చర్చలు కూడా ఏకాభిప్రాయం లేకుండానే ముగిశాయి. పైనుంచి మార్పు వచ్చేదాకా ఆగుదామంటే, ఈలోపు కవర్ మింగే ఆవూ, పొగ పీల్చే పిల్లలూ ఆగలేరు.

అయితే ప్లాస్టిక్ మొత్తం మానేయాలా?

అక్కర్లేదు. సెలైన్ సీసా, సిరంజి, హెల్మెట్, డ్రిప్పు పైపు, మిద్దె మీది నీళ్ల ట్యాంకు, ఇవన్నీ ప్లాస్టిక్ వల్ల సామాన్యుడికి అందిన మేళ్లు. ఏళ్లపాటు పనిచేసి, చివర్లో కిలో లెక్కన అమ్ముడుపోయే ప్లాస్టిక్‌తో పెద్ద గొడవ లేదు. పది నిమిషాలు వాడి వందల ఏళ్లు మిగిలేదానితోనే గొడవ.

మా అపార్ట్‌మెంట్‌లో మొదలుపెట్టాలంటే?

అందరినీ ఒప్పించాకే మొదలుపెడదామంటే ఎప్పటికీ కాదు. సిద్ధంగా ఉన్న నాలుగైదు ఇళ్లు చాలు. సెల్లార్‌లో వాన పడని మూల చూసి మూడు పెద్ద గోతాలు పెట్టండి: బాటిళ్లు, డబ్బాలకి ఒకటి, పాల ప్యాకెట్లు, శుభ్రమైన కవర్లకి ఒకటి, అట్టలు, పేపర్లకి ఒకటి. గోతం మీద రాత కంటే నమూనాగా ఒక ఖాళీ బాటిల్, ఒక పాల ప్యాకెట్ కట్టి వేలాడదీస్తే చదవడం రానివాళ్లకీ అర్థమవుతుంది. ఇళ్లల్లో చెత్త తీసేది ఎక్కువగా పనిమనుషులే కాబట్టి వాళ్లకి ముందు చెప్పండి. వాచ్‌మన్ కుటుంబంతో మాట్లాడి, అమ్మిన డబ్బు వాళ్లకే చెందుతుందని అందరి ముందూ ఖాయం చేయండి. దగ్గర్లోని స్క్రాప్ షాపుకి వెళ్లి ఏవి తీసుకుంటారో, ఏ రోజు వస్తారో అడిగి, ఆ జాబితా లిఫ్టు దగ్గర అంటించండి. షాపుని బట్టి జాబితా మారుతుంది, కాబట్టి ఇక్కడ రాసిన దానికంటే మీ షాపతను చెప్పిందే పాటించండి.